కడప నీళ్లలో చెర్రీ రొయ్యలు: ఒక చిన్న తొట్టి డైరీ

కార్తీక మాసం: నీళ్ల లెక్క

అక్వేరియంలో పెంచే మంచినీటి రొయ్యల్లో మొండివిగా పేరున్న చెర్రీ రొయ్యలను, అంటే నియోకారిడినా డేవిడి అనే జాతిని, కడపలోని మా ఇంటి హాల్లో ఒక చిన్న గాజు తొట్టిలో పెంచి, అవి పిల్లలు పెట్టి, ఇక్కడి ఎండాకాలం దాటేదాకా ఏయే ఏర్పాట్లు అవసరమయ్యాయో ఈ డైరీలో రాస్తున్నాను. తైవాన్‌లోనూ తూర్పు చైనాలోనూ వాగుల్లో ఉండే ఈ రొయ్య సహజంగా గోధుమ రంగులో ఉంటుంది. అంగళ్లలో కనిపించే ఎర్ర రకం తైవాన్‌లో రంగును చూసి ఏరి పెంచగా స్థిరపడినది. ఎదిగినదాని పొడవు అంగుళానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది, ఆయుష్షు ఏడాది నుంచి రెండేళ్లు.

తొట్టి సంగతి తర్వాత చూడవచ్చని మొదట టీడీఎస్‌ను, అంటే నీటిలో కరిగి ఉన్న ఖనిజాల మొత్తాన్ని, చూపించే మీటరు, కాఠిన్యత కొలిచే చుక్కల కిట్టు తెప్పించాను. మా బోరు నీళ్లు 1,100 పీపీఎం, అంటే లీటరుకు 1,100 మిల్లీగ్రాములు, చూపించాయి. మొత్తం కాఠిన్యత, అంటే జీహెచ్, 30 డిగ్రీలు, కార్బొనేటు కాఠిన్యత, అంటే కేహెచ్, 22 డిగ్రీలు, పీహెచ్ 7.8. ఒక డిగ్రీ జీహెచ్ లీటరుకు 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటుకు సమానం కనుక మా నీళ్లలో లీటరుకు 530 మిల్లీగ్రాములకు పైనే ఉన్నట్టు. తాగునీటికి ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం పెట్టిన మేలైన హద్దు 200, మరో ఆధారం లేనప్పుడు ఓర్చుకోదగిన హద్దు 600. సున్నపురాయి, పలకరాయి పొరల మీద ఉన్న ఊళ్లో బోరు వేస్తే ఇంతకంటే మెత్తని నీళ్లు పడతాయని ఆశించలేము. బకెట్ల అంచుల మీద పేరుకునే తెల్లని పొర, గీజరు కాయిల్ మీద కట్టే గార ఎప్పటినుంచో చెబుతున్నది ఇదే.

చెర్రీ రొయ్యకు జీహెచ్ 6 నుంచి 10, కేహెచ్ 2 నుంచి 8, టీడీఎస్ 200 నుంచి 300 మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. బోరు నీళ్లలో మరీ ఎక్కువగా ఉన్న ఖనిజాలు ఆర్వో ప్లాంటు క్యాన్ నీళ్లలో దాదాపు లేవు: టీడీఎస్ 50, జీహెచ్ ఒక్క డిగ్రీ. రొయ్య పెంకుకు కాల్షియం, మెగ్నీషియం కావాలి కాబట్టి ఒట్టి ఆర్వో నీళ్లలో అది బతకదు. అక్వేరియం వాళ్లు ఈ ఖనిజాలను పొడి రూపంలో డబ్బాల్లో అమ్ముతారు గానీ, అవే ఖనిజాలు మన బోరులోంచి ఉచితంగా వస్తున్నప్పుడు డబ్బా కొనడం నాకు సబబుగా తోచలేదు. ఒక పాలు బోరు నీళ్లు, నాలుగు పాళ్లు ఆర్వో నీళ్లు కలిపితే టీడీఎస్ 260, జీహెచ్ 7, కేహెచ్ 5 దగ్గర నిలిచాయి. ఇకపై ఈ డైరీలో ‘కలిపిన నీళ్లు’ అన్నచోటల్లా ఇవే.

తెలుపూ ఎరుపూ చారలుండే క్రిస్టల్ రొయ్యలు చూడ్డానికి ఇంకా అందంగా ఉంటాయి. అవి కారిడినా జాతివి; వాటికి ఆమ్లగుణమున్న మెత్తని నీళ్లు, చల్లదనం రెండూ కావాలి. కడపలో ఆ రెంటినీ ఏడాది పొడుగునా నిలబెట్టాలంటే నీళ్లు చల్లబరిచే యంత్రం కొనక తప్పదు కనుక వాటి జోలికి పోలేదు.

అదే నెల చివర: తొట్టి, ఇసుక, రాయి

తొట్టిని అద్దాల అంగడిలో చేయించాను. 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు, 5 మిల్లీమీటర్ల గాజు. ఇసుక, పైన వదిలిన ఖాళీ పోను ఇందులో 32 లీటర్ల నీళ్లు పడతాయి. ఇంతకంటే చిన్నదైతే నీటి గుణం, వేడి త్వరత్వరగా మారిపోతాయి. రొయ్యకు సరిపడనిది ఆ మార్పే. అతికించే సిలికాన్ విషయంలో మాత్రం పనివాడికి గట్టిగా చెప్పవలసి వచ్చింది: బాత్రూముల్లో వాడే రకంలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది నీటిలోకి దిగితే రొయ్యలు చస్తాయి. మందు కలపని మామూలు రకంతో అతికించి, వెనిగర్ వాసన పూర్తిగా పోయేవరకు వారం పైనే ఆరబెట్టి, ఆ తర్వాతే నీళ్లు పోసి కారుతుందేమో చూశాము.

నీళ్లతో కలిపి తొట్టి బరువు దాదాపు 50 కిలోలు. హాల్లో గోడకు దించిన కడప బండ అరమీద, కింద అర అంగుళం థర్మకోల్ పరచి పెట్టాము. మా ఊరి బండే కదా, రెండు ముక్కలు లోపల పేర్చి రొయ్యలు దాక్కోవడానికి గుహలా చేస్తే బాగుంటుందని ఇంట్లో ఒక సూచన వచ్చింది. వంటింటి గట్టు మీద నిమ్మరసం పడిన చోట నల్లని నునుపు పోయి తెల్లని మరక మిగలడం కడపలో ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఒక ముక్క పగలగొట్టి, కొత్తగా విరిగిన అంచు మీద వెనిగర్ చుక్కలు వేసి భూతద్దంతో చూశాను: చుక్క అంచు చుట్టూ సన్నని బుడగలు వరుసగా లేచి, ఒక్కొక్కటే పగిలిపోతూ, కింద బూడిదరంగు పొడి మిగిలింది. సున్నపురాయి లక్షణమిది. మెత్తని నీళ్లలో అది నెమ్మదిగా కరిగి కాఠిన్యతను పెంచుతుంది. అంత శ్రమపడి తగ్గించిన కాఠిన్యతను మళ్లీ రాయి రూపంలో లోపల పెట్టడం అనవసరమని బండను తొట్టి కిందికే పరిమితం చేశాము.

అడుగున పరచడానికి, ఇల్లు కట్టగా మిగిలిన పెన్నా ఇసుకను జల్లెడ పట్టి, సన్నని మట్టి పోయేవరకు కడిగి, అదే వెనిగర్ పరీక్ష పెట్టి, బుడగలు రాలేదని చూసుకుని రెండు అంగుళాల మందాన పరిచాను. పీహెచ్‌ను తగ్గించే ఖరీదైన నల్ల మట్టి గుళికలు వాడమని చాలామంది సలహా ఇస్తారు. అవి నీటిలోని కార్బొనేట్లను పీల్చుకుంటూ పనిచేస్తాయి; మా నీళ్లలాంటి వాటితో వాడితే ఆ శక్తి త్వరగా తీరిపోయి మామూలు మట్టిగా మిగులుతాయి, పైగా చెర్రీ రొయ్యలకు వాటి అవసరమే లేదు.

దాక్కునే చోట్లకు రంగు పూయని మట్టి పెంకులు, ఒక మొద్దు, దానికి దారంతో కట్టిన జావా నాచు. ఎండి రాలిన బాదం ఆకులు, మందు కొట్టని చెట్టువి, కడిగి రెండు వేశాను. నీటికి లేత టీ రంగు వస్తుంది, ఆకు మీద పెరిగే జిగురు పొరను రొయ్య పిల్లలు తింటాయి. ఫిల్టరుగా గాలి పంపుతో నడిచే స్పాంజి ఒక్కటే, ఎందుకంటే మోటారు ఫిల్టరు పిల్లలను లోపలికి లాగేస్తుంది. పంపును నీటిమట్టం కంటే ఎత్తున పెట్టి, గొట్టంలో నాన్ రిటర్న్ వాల్వు కూడా వేశాను. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలో వెనక్కి నడిచి పంపులోకి, అక్కడినుంచి నేల మీదికి వస్తాయి.

మార్గశిరం: ఖాళీ తొట్టి

ఈ దశలో రాయవలసింది తక్కువ, ఓపిక పట్టవలసింది ఎక్కువ. రొయ్యలు లేని తొట్టిలో చేపల మేత చిటికెడు చొప్పున వేసి కుళ్లనిచ్చాను. కుళ్లినదాంట్లోంచి అమ్మోనియా వస్తుంది, నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, నైట్రోస్పైరా వంటివి నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ రొయ్యలకు విషం, మూడోది కొంత మోతాదు వరకు పరవాలేదు. పరీక్ష గొట్టంలో అమ్మోనియా రంగు పసుపు నుంచి ముదురు ఆకుపచ్చకు తిరిగి, మళ్లీ పసుపుకు వచ్చింది. ఆ వెనకే నైట్రైటు గొట్టం ఊదారంగుకు ఎక్కి, చాలా రోజులు దిగక విసిగించి, చివరకు లేత నీలానికి వచ్చింది. ఈ బాక్టీరియా స్పాంజి రంధ్రాల్లోనూ ఇసుక మీదా కాపురముంటుంది కాబట్టి స్పాంజిని ఎప్పుడూ కొళాయి నీళ్లతో కడగకూడదు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. కడప చలికాలం కూడా పెద్ద చలి కాదు గనుక హీటరు కొనలేదు. తెల్లవారుజామున నీళ్లు 21 డిగ్రీలకు దిగాయి, అది రొయ్యకు ఇబ్బంది కాదు.

సంక్రాంతి తర్వాత: రొయ్యలు వచ్చాయి

కడపలో అలంకరణ చేపలు దొరుకుతాయి గానీ నాకు ఈ రొయ్యలు కనిపించలేదు. చెన్నైలో అలంకరణ చేపలకు పేరుపడిన కొళత్తూరు నుంచి, ముంబై వైపు వెళ్లే రైల్లో మా బావ తీసుకొచ్చాడు. రెండు పొరల సంచి, సగానికి పైగా ఆక్సిజన్, పట్టుకుని వేలాడడానికి కొంచెం నాచు. “ఏం అబ్బీ, అంత దూరం నుంచి మోసుకొస్తిని, ఇవి ఇగురుకైనా చాలవు గదా!” అన్నాడు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఇంచుమించు ఇదే మాట అంటున్నారు.

సంచి నీళ్ల టీడీఎస్ 180, తొట్టిది 265. ఈ తేడాను ఒక్కసారిగా మీద వేస్తే రొయ్య సమయం కాకుండా పెంకు విడిచి చచ్చిపోవచ్చు. మందుల షాపులో దొరికే సెలైన్ సెట్టు ఈ పనికి అచ్చంగా సరిపోతుంది: పై కొస తొట్టిలో, కింది కొస రొయ్యలున్న చిన్న బకెట్లో, మధ్యలో వేగం తగ్గించే చక్రం. సెట్టులో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. సెకనుకు రెండు చుక్కలు పెడితే గంటకు 360 మిల్లీలీటర్లు. అరలీటరు సంచి నీళ్లు రెండు గంటల్లో లీటరుకు పైగా అయ్యాయి, ఆ తర్వాత రొయ్యలను మాత్రమే వలతో ఎత్తి తొట్టిలో వదిలాను. ప్రయాణంలో తెల్లబోయినవి మరునాటికి రంగు పట్టాయి. రెండు మూడు దక్కలేదు.

ఈ ఇంటిలో రొయ్యలకున్న పెద్ద శత్రువులు తొట్టి బయటే ఉన్నాయి. మొదటిది దోమల మందు. కాయిల్, ద్రవం, స్ప్రే ఏదైనా వాటిలో ఉండేది ఎక్కువగా పైరెథ్రాయిడ్ రకం మందు, అది పురుగులకు ఎంత విషమో రొయ్యలకూ అంతే విషం. గాలి పంపు గదిలోని గాలిని పీల్చి నేరుగా నీటిలోకి ఊదుతుంది కాబట్టి హాల్లో ఆ మందులు మానేసి, పడక గదుల్లో దోమతెరలు కట్టాము. రెండోది రాగి. రొయ్య రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోసయనిన్‌లోనే రాగి ఉంది, అయినా నీటిలో కొద్దిగా ఎక్కువైతే అదే ప్రాణం తీస్తుంది. రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లు, గీజరు నీళ్లు తొట్టికి తాకనీయకూడదు. చేపల రోగాలకు అమ్మే మందుల్లో కూడా కొన్నిటిలో కాపర్ సల్ఫేట్ ఉంటుంది. మూడోది కూరగాయల మీది పురుగుమందు: పాలకూర, బీరకాయ ముక్క వేసేముందు బాగా కడిగి ఉడికించి, తొక్క తీసేస్తున్నాను. మిగిలిన ముక్కను కొన్ని గంటల తర్వాత బయటికి తీసేయాలి.

మాఘం, ఫాల్గుణం: పెంకులు, గుడ్లు, పిల్లలు

ఒక ఉదయం నాచు మీద తెల్లగా, కాళ్లూ మీసాలూ సహా పూర్తి రొయ్య ఆకారంలో ఏదో పడి ఉంటే ఇంట్లో వాళ్లు చచ్చిందనుకున్నారు. వీపు దగ్గర చీలి ఉన్న ఒట్టి పెంకు అది. దాన్ని తీసేయలేదు, సాయంత్రానికి మిగతావి కొరికి తినేశాయి; అందులోని కాల్షియం మళ్లీ వాటికే చేరుతుంది.

ఆడవి మగవాటికంటే పెద్దవి, ఎరుపు ఎక్కువ. వీపు మీద పారదర్శకమైన పెంకు కింద పసుపు మచ్చగా కనిపించేవి అండాశయంలో ముదురుతున్న గుడ్లు. ఆడది పెంకు విడిచిన రోజున మగవన్నీ తొట్టి నలుమూలలా పిచ్చెత్తినట్టు ఈదుతాయి. తర్వాత గుడ్లు కడుపు కిందికి దిగుతాయి. భూతద్దంతో చూస్తే ఇరవై ముప్పై పసుపు పచ్చని గుడ్లను ఈత కాళ్ల మధ్య గుత్తిగా పట్టుకుని, ఆ కాళ్లను ఆపకుండా ఆడిస్తూ గాలి తగిలేలా చేస్తున్నది. మధ్యమధ్య ఒక గుడ్డును పక్కకు తిప్పి, మళ్లీ గుత్తిలోకి నెట్టింది. పొదిగే కాలం నీటి వేడిని బట్టి మూడు నుంచి నాలుగు వారాలు. చివరి రోజుల్లో ప్రతి గుడ్డులోనూ రెండు నల్లని చుక్కలు, పిల్ల కళ్లు, కనిపించాయి.

పొదిగిన పిల్ల రెండు మిల్లీమీటర్ల పొడవుతో పెద్దదాని రూపంలోనే ఉంటుంది. మన కోస్తాలో సాగు చేసిన నీలకంఠ రొయ్య కూడా మంచినీటిదే అయినా దాని పిల్లలు లార్వా దశలో ఉప్పు కలిసిన నీళ్లు లేకపోతే బతకవు, అందుకే వాటికి హేచరీలు. చెర్రీ రొయ్యకు ఆ దశే లేదు, కాబట్టి ఇంటి తొట్టిలోనే తరాలు నడుస్తాయి. గప్పీలనైనా రెండు వేయమని పిల్లలు అడిగారు గానీ రెండు మిల్లీమీటర్ల మేతను ఏ చేప వదలదు.

చైత్రం, వైశాఖం: ఎండ

ఈ పనిలో అసలు పరీక్ష ఇదే. చెర్రీ రొయ్యకు 22 నుంచి 26 డిగ్రీలు అనుకూలం, 28 వరకు సర్దుకుంటుంది, 30 దాటి రోజులు గడిస్తే గుడ్లు వదిలేయడం, చావులు మొదలవుతాయి. వేడి పెరిగేకొద్దీ నీటిలో కరిగే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.2 మిల్లీగ్రాములు నిలిచేది 30 దగ్గర 7.5కు పడిపోతుంది. ఏప్రిల్ మొదట్లోనే మధ్యాహ్నం తొట్టి నీళ్లు 30కి వచ్చాయి.

ఐస్ సీసాలు వేసేవాళ్లున్నారు. అది గంటలో నాలుగు డిగ్రీలు దించి, కరిగాక మళ్లీ ఎక్కిస్తుంది, ఆ ఊగులాట వేడి కంటే చెడ్డదని నా అభిప్రాయం. కడపలో ఎండ ఎంత తీవ్రమో గాలి అంత పొడి, ఆ పొడితనాన్నే వాడుకోవచ్చు. గాలి 40 డిగ్రీల వేడితో, పాతిక శాతం తేమతో ఉన్నప్పుడు తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు 24 దగ్గర నిలుస్తుంది. ఆవిరి కావడం ద్వారా నీళ్లు చల్లబడగల కింది హద్దు అదే. మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఈ పద్ధతిలోనే. తొట్టి గాజు మూత తీసేసి, చెక్క చట్రానికి దోమతెర బిగించి మూసి, పాత కంప్యూటరులోంచి తీసిన 12 వోల్టుల ఫ్యాను ఒకటి నీటి మీదికి ఏటవాలుగా గాలి కొట్టేలా అమర్చాను. మే నెలలో హాల్లో మధ్యాహ్నం 36, 37 ఉన్నా తొట్టి 28 దాటలేదు. ఒక లీటరు నీరు ఆవిరైతే పట్టుకుపోయే వేడి సుమారు 2,400 కిలోజౌళ్లు; 32 లీటర్లను ఒక డిగ్రీ చల్లబరచడానికి 134 చాలు. ఆ చిన్న ఫ్యాను ఎందుకు అంత పని చేసిందో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది. హాల్లో కూలరు వేసిన రోజున గాలిలో తేమ పెరిగి ఆవిరి తగ్గడం కూడా గమనించాను, కాకపోతే అప్పుడు గది కూడా చల్లబడుతుంది కనుక లెక్క సరిపోయింది.

దీని మూల్యం రోజుకు ఒక లీటరు నీరు. ఇక్కడ జాగ్రత్తపడకపోతే చల్లదనం దక్కినా రొయ్యలు దక్కవు, ఎందుకంటే ఆవిరయ్యేది నీరు మాత్రమే, దానిలోని సున్నం, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతాయి. తగ్గిన మట్టాన్ని బోరు నీళ్లతో నింపితే రోజుకు 1,100 మిల్లీగ్రాముల ఖనిజాలు అదనంగా చేరి, 32 లీటర్లలో టీడీఎస్ రోజుకు 34 చొప్పున, పది రోజుల్లో 340 పెరుగుతుంది. కలిపిన నీళ్లతో నింపినా పెరుగుదల ఆగదు. అందుకని ఆవిరైన నీటికి బదులు ఆర్వో నీళ్లు, వారానికోసారి తీసి పారబోసే మూడు లీటర్లకు బదులు కలిపిన నీళ్లు అని విడగొట్టి, రెండు క్యాన్ల మీదా మార్కరుతో రాసి పెట్టాను. ఆర్వో నీళ్లు కూడా ఒక్కసారిగా పోయకుండా సెలైన్ సెట్టు తోనే రాత్రిపూట చుక్కలుగా దింపుతున్నాను.

ఆర్వోలోనూ 50 ఉంది కదా, ఆ కొద్దిపాటిది పేరుకుని మే మొదటికి టీడీఎస్ 310 దాటింది. అప్పటినుంచి కలిపిన నీళ్లలో బోరు పాలు తగ్గించి ఒకటికి ఆరు చేశాను. అది 200 దగ్గర ఉంటుంది కనుక తొట్టి మొత్తం మీద 300 చుట్టుపక్కల ఆగింది. జీహెచ్ 6 కంటే దిగలేదు. ఈ నెలల్లో కొత్తగా గుడ్లు మోసిన ఆడవి తక్కువే, ఒకటి రెండు గుడ్లు వదిలేశాయి కూడా, అయినా పెద్దవాటిలో చావులు దాదాపు లేవు.

ఒక సాయంత్రం గాలివానకు చెట్టు పడి కరెంటు రాత్రంతా లేదు. గాలి పంపు, ఫ్యాను రెండూ తక్కువ వాట్లవి కాబట్టి ఇన్వర్టరు మీద తెల్లవార్లూ నడిచాయి. ఇన్వర్టరు లేని ఇంట్లో బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఉంచుకోవడం అవసరం.

జ్యేష్ఠం: వాన నీళ్లు

తొలకరి పడగానే వాన నీళ్లు కొలిచాను. డాబా పైపులోంచి పట్టినవి 140 చూపించాయి, పీహెచ్ కూడా 8 దాటింది. ఎండ తగ్గడానికి వేసవి మొదట్లో డాబాకు కొట్టిన సున్నం దానికి కారణం. పెరట్లో ఆకాశం కింద పెట్టిన ప్లాస్టిక్ టబ్బులో, మొదటి జల్లు పారబోసి రెండో జల్లుకు పట్టినవి 15. ఆర్వో క్యాన్ కంటే ఇవే మెత్తనివి. వాటిని పలచని గుడ్డతో వడకట్టి, మూతలున్న క్యాన్లలో నీడన నిలవ చేసి, ఆవిరైన నీటికి బదులు ఇప్పుడు ఇవే దింపుతున్నాను. తొట్టి 27 డిగ్రీలు, టీడీఎస్ 285, నైట్రేటు 10. రొయ్యలు లెక్కపెట్టడానికి వీలుకానంత అయ్యాయి గనుక రెండో తొట్టికి అద్దాల అంగడిలో కొలతలు ఇచ్చి వచ్చాను. ఈసారి పొడవు రెండడుగులు.